తిథి లేని చిన్నాయన

ప్రతి ఏడూ భాద్రపద బహుళం దగ్గర పడగానే మా ఇంటి పురోహితులు ఫోన్ చేస్తారు. తాతది ఫలానా తిథి, అవ్వది ఫలానా తిథి, నాయనది ఫలానా తిథి అని వరసగా చెప్పుకుంటూ పోయి, చివరన గొంతు కాస్త తగ్గించి, "మీ చిన్నాయనగారికి చతుర్దశి నాడే కదండీ" అంటారు. అవునంటాను. మహాలయ అమావాస్యకు ముందురోజు వచ్చే ఆ చతుర్దశిని పంచాంగాల్లో శస్త్రహత మహాలయం అంటారు. ఆయుధం దెబ్బకు పోయినవాళ్ళకు, వాళ్ళు ఏ తిథిన పోయినా సరే, ఆ రోజున పిండం పెట్టవచ్చునని పెద్దలు ఏర్పాటు చేశారు. మా వంశంలో ఆ రోజు అవసరమైన మనిషి ఒక్కడే. ఆయన మా నాయనకు ఆఖరి తమ్ముడు, భారత వాయుసేనలో ఫ్లైట్ లెఫ్టినెంట్, 1971 డిసెంబరు యుద్ధంలో ఛంబ్ దగ్గర తిరిగిరాని వాళ్ళలో ఒకడు.

మాది ఉలవపాడు దగ్గర ఒక పల్లె. చిన్నాయన పుట్టినప్పుడు అది నెల్లూరు జిల్లా. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి పోయింది, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు, 2022 ఏప్రిల్లో కందుకూరు వైపు మండలాలతో పాటు మళ్ళీ నెల్లూరులోకి వచ్చింది. ఊరు ఉన్నచోటనే ఉంది, చిరునామా మాత్రం ఊరేగి వచ్చింది. ఇదెందుకు చెబుతున్నానంటే, ఆ చిరునామా మార్పు వల్ల మా ఇంట్లో రెండు రోజులు ఎవరూ ఏడవలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

అవ్వకు విమానమంటే మొదటినుంచీ పడదు. దానికొక కారణముంది. 1942 ఏప్రిల్ 6న జపాను వాళ్ళు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశారు. ఆ నెలలోనే మద్రాసు మీద కూడా పడబోతున్నారన్న భయంతో పట్నం జనం ఇళ్ళకు తాళాలు వేసి ఊళ్ళు పట్టుకుని బయలుదేరారు. మా ఊరి పక్కనుంచి పోయే గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద బండ్లూ, కాలినడకన పిల్లలను ఎత్తుకున్న ఆడవాళ్ళూ కొన్ని రోజుల పాటు తెగకుండా పోయారని అవ్వ చెప్పేది. తాటాకు పందిరి కింద మజ్జిగ కుండలు పెట్టి దారినపోయేవాళ్ళకు పోసిందట. అప్పుడు చిన్నాయన ఆమె కడుపులో ఉన్నాడు. "వాణ్ణి కడుపులో పెట్టుకుని ఆ ఇమానాల పేరు వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి, వాడేమో పోయి పోయి దాన్నే ఎక్కాడు" అని అనుకునేది. ఆమె దృష్టిలో అది కడుపులోనే పట్టిన గాలి.

ఆయన నెల్లూరు వి.ఆర్. కాలేజీలో బి.ఎస్సి. చదివాడు. 1962లో చైనా యుద్ధం తర్వాత సైన్యాన్నీ వాయుసేననూ పెంచుతున్న రోజులవి. ఇంట్లో చెప్పకుండానే దరఖాస్తు పెట్టాడు. పైలట్లుగా పనికివస్తారో లేదో తేల్చే ఒక పరీక్ష ఉంది, అందులో ఒకసారి తప్పితే జన్మలో మళ్ళీ రాయనివ్వరు. అది నెగ్గి వచ్చాక గాని తాతకు సంగతి తెలియలేదు. తాత పొగాకు రైతు, మాటలు తక్కువ మనిషి. "పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర రాత్రంతా మంట చూసుకుంటూ కూర్చోవడం కంటే అదేం కష్టం లే" అని ఊరుకున్నాడట. అవ్వ మాత్రం మూడు రోజులు అన్నం ముట్టలేదు. అలహాబాదులోనూ జోధ్‌పూర్లోనూ శిక్షణ పూర్తిచేసి జెట్ విమానాల శిక్షణకు హకీంపేటకు వచ్చినప్పుడు, వాడు హైదరాబాదులోనే ఉన్నాడు గదా అని కొంచెం కుదుటపడింది. ఆ తర్వాత ఉత్తరాదికి పోయాడు. సోవియట్ దేశం నుంచి 1968లో సుఖోయ్-7 విమానాలు రావడం మొదలైనాక వాటి మీదికి మారాడు. ఉత్తరాల మీద ఊరి పేరు ఉండేది కాదు, కేరాఫ్ 56 ఏ.పి.ఓ. అని ఉండేది. అది సైన్యంలో ఉన్నవాళ్ళకు ఉత్తరాలు చేరవేసే తపాలా ఆఫీసు నంబరు, అదొక ఊరనే అవ్వ చాలాకాలం అనుకుంది.

నాకు ఆయన బాగా గుర్తుండేది 1971 వేసవిలో వచ్చిన ఆఖరి సెలవు నుంచే. నాకు తొమ్మిదేళ్ళు. ఆ ఏడు మా కుప్ప నూర్పిడి ఆలస్యమైంది. మధ్యాహ్నం మూడు దాటాక సముద్రం మీదినుంచి తూర్పుగాలి తిరుగుతుంది, ఆ గాలికే మా కళ్ళంలో తూర్పారబట్టేవాళ్ళు. ఎత్తుపీట మీద నిలబడి చేటతో ధాన్యం జారవిడుస్తుంటే గింజలు కాళ్ళ దగ్గర పడేవి, తాలూ పొల్లూ పడమరగా ఎగిరి వేరే గుట్టగా చేరేవి. చిన్నాయన లుంగీ ఎగగట్టి, మా పాలేరు చేతిలోని చేట లాక్కుని పీట ఎక్కాడు. ఆయన విదిలించిన విదిలింపుకు గింజా పొల్లూ కలిసి మా అందరి నెత్తిన పడ్డాయి. పాలేరు పగలబడి నవ్వుతూ, "దొరా, ఇమానం దోలడం అలివేమో గానీ ఇది కాదు" అన్నాడు. చిన్నాయన దిగి, తలలోని పొల్లు దులుపుకుంటూ, విమానం కూడా ఎదురుగాలికే లేస్తుందనీ, వెనకగాలికి లేపబోతే రన్‌వే చాలదనీ చెప్పాడు. "అయితే మాకూ మీకూ గాలే గదా దిక్కు" అన్నాడు పాలేరు. ఆ సాయంత్రమంతా గాలి పడిపోయేదాకా ఆ ఇద్దరూ గాలి గురించే మాట్లాడుకున్నారు. చిన్నాయన దోసిట్లో పొల్లు తీసుకుని వదిలి, అది ఎంత దూరాన పడిందో చూసి, గాలి వేగం ఇంత ఉంటుందని అంకె చెప్పేవాడు. పాలేరు ఆ అంకె వినకుండానే, ఇంకో గడియకు గాలి ఆగుతుందని చెప్పేవాడు. ఆగేది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన తన విమానం గురించి చెప్పిన మాటలు నాకు చాలావరకు అర్థం కాలేదు, కాని బొమ్మలుగా మిగిలిపోయాయి. దానికి ఆకలి ఎక్కువనీ, మన నల్లగేదెకు కుడితి పోసినట్టు ఎంత పోసినా చాలదనీ, దిగేటప్పుడు తోక దగ్గరనుంచి గొడుగు లాంటి గుడ్డ తెరుచుకుంటే గాని అది ఆగదనీ చెప్పాడు. ఆ ఆకలి సంగతి ఎంత నిజమో పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. సుఖోయ్-7 కాస్త దూరం పోవాలంటే పొట్ట కింద రెండు అదనపు ఇంధనపు ట్యాంకులు తగిలించుకోక తప్పదు, అప్పుడిక బాంబులకో రాకెట్లకో రెక్కల కింది చోటే మిగులుతుంది. ఇంజను మాత్రం మహా గట్టిది, దెబ్బలు తిని కూడా ఇంటికి తిరిగొచ్చిన విమానాలున్నాయి. చిన్నాయన దాన్ని తిట్టేవాడు గాని, ఇంకొకరు తిడితే ఒప్పుకునేవాడు కాదు.

అవ్వ వడ్డిస్తూ వడ్డిస్తూ, "అందులో ఇంకెవరుంటారురా నీతో?" అని అడిగింది.

"ఎవరూ ఉండరమ్మా, ఒకడికే చోటు."

గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. అప్పటిదాకా ఆమె అది బస్సు లాంటిదని, డ్రైవరు పక్కన కండక్టరైనా ఉంటాడని అనుకున్నదట. "ఒక్కడివేనా? రాత్రిపూట గొడ్ల చావిట్లోకి పోవాలన్నా లాంతరొకటి, అన్న ఒకడు తోడు కావాలనేవాడివి గదరా" అంది. అందరం నవ్వాము. చిన్నాయన కూడా నవ్వాడు, కాని తల ఎత్తలేదు. ఆయనకు చీకటి భయమన్న మాట నిజమేనని మా నాయన తర్వాత చెప్పాడు. సెలవైపోయి పోయేటప్పుడు అవ్వ కొత్తావకాయ జాడీ మూతికి గుడ్డ కట్టి ఇచ్చింది. వచ్చే మాఘానికి సంబంధం ఖాయం చేస్తానని, సెలవు ముందే అడిగి పెట్టుకోమని చెప్పింది. సింగరాయకొండ స్టేషనులో రైలెక్కాడు. రైలు కదిలాక ఏం జరిగిందో చెప్పడానికి నాకేమీ లేదు. నేను అప్పటికే ప్లాట్‌ఫారం మీద ఐస్‌ఫ్రూట్ బండి వెనకాల పోయాను.

డిసెంబరు 3 శుక్రవారం. ఆ సాయంత్రం పాకిస్తాన్ విమానాలు అమృత్‌సర్, పఠాన్‌కోట్, శ్రీనగర్, అంబాలా, ఆగ్రా తదితర వైమానిక స్థావరాల మీద దాడిచేశాయి. ప్రధానమంత్రి ఇందిరాగాంధీ ఆ పూట కలకత్తాలో ఉన్నారు, ఢిల్లీ చేరి అర్ధరాత్రి దాటాక రేడియోలో మాట్లాడారు. మా ఊరికి అది తెల్లవారి పంచాయతీ రేడియో దగ్గర తెలిసింది. ఆ పద్నాలుగు రోజులూ పంచాయతీ ఆఫీసు అరుగు మీద జనం తగ్గలేదు. విశాఖ దగ్గర పాకిస్తాన్ వాళ్ళ ఘాజీ జలాంతర్గామి మునిగిపోయిందన్న వార్త వచ్చిన రోజున మన సముద్రం దాకా వచ్చారా అని ఊరు ఊరంతా గుసగుసలాడింది. తాత రోజూ పోయి అరుగు చివర కూర్చునేవాడు. "మన విమానాలు క్షేమంగా తిరిగి వచ్చాయి" అన్న మాట కోసమే ఆయన చూసేవాడు. ఆ మాట రేడియోలో రాని పూట ఇంటికి వచ్చి మజ్జిగ మాత్రం తాగి పడుకునేవాడు.

ఛంబ్ అనేది జమ్మూకు పడమరగా ఉన్న ప్రాంతం, మునవ్వర్ తావి అనే నది దాని గుండా పోతుంది. యుద్ధం మొదలైన రాత్రే అక్కడ పాకిస్తాన్ సైన్యం పెద్దయెత్తున దాడి చేసింది. మనవాళ్ళు కొన్నాళ్ళు పోరాడి నదికి తూర్పు ఒడ్డుకు తగ్గారు, నది దాటి రాబోయిన శత్రువును మాత్రం తిప్పికొట్టారు. ఆ రోజుల్లో సైన్యానికి అండగా వాయుసేన టాంకుల మీదా ఫిరంగుల మీదా దాడులు చేసింది. అలాంటి దాడికి బాగా కిందికి దిగాలి. మొదటి విడత తప్పిపోతే, గురి మళ్ళీ చూసుకోవడానికి అదే చోటికి ఇంకోసారి రావాలి. మొదటిసారి ఆదమరచి ఉన్న తుపాకులు రెండోసారి కాచుకుని ఉంటాయి. ఆ యుద్ధంలో మనం పోగొట్టుకున్న సుఖోయ్‌లలో ఎక్కువ భాగం నేల మీది కాల్పులకు పడినవే. విమానం మీద విమానం పడి కొట్లాడుకోవడం సినిమాల్లో చూస్తాము. మా చిన్నాయనను కొట్టినవాడు గుంటలో కూర్చుని పైకి కాల్చిన ఎవరో ఒక సిపాయి. వాడిదీ మా ఊరి లాంటి ఊరే అయివుంటుంది.

తంతి వచ్చింది. వాయుసేన కాగితాల్లో ఆయన చేరేనాటి చిరునామానే ఉండిపోవడం వల్ల దాని మీద నెల్లూరు జిల్లా అని ఉంది. అప్పటికి మేము ఒంగోలు జిల్లాలో పడి దాదాపు రెండేళ్ళు. ఎక్కడ నిలిచిందో, ఎవరు ఎటు తిప్పారో గాని, రెండు రోజులు ఆలస్యంగా మా గుమ్మం ఎక్కింది. ఆ రెండు రోజుల్లో ఒకరోజు అవ్వ మినపసున్నుండలు చేసి, పార్సిలు కట్టమని నాయనకు ఇచ్చింది. తంతి చదివిపెట్టింది మా హైస్కూలు హెడ్మాస్టరుగారు. అందులో "మిస్సింగ్" అనే మాట ఉంది. కనబడటం లేదని దాని అర్థమని ఆయన చెప్పారు. అవ్వ ఆ ఇంగ్లీషు మాటను అక్కడికక్కడే నేర్చుకుంది. ఆ తర్వాత ఎవరు పరామర్శకు వచ్చి ఏడుపు ఎత్తుకోబోయినా, "ఊరుకోండి, మిస్సింగు అని రాశారు" అనేది.

మూడు వారాలకు ఆయన కమాండింగ్ ఆఫీసరు స్వహస్తంతో రాసిన ఉత్తరం వచ్చింది. మర్యాద తెలిసిన మనిషి రాసిన ఉత్తరమది. రెండో విడతకు దిగినప్పుడు దెబ్బ తగిలిందనీ, పొగ కక్కుకుంటూ నదికి అవతలివైపు నేలను తాకిందనీ, జతగా వెళ్ళిన అధికారి పారాచూట్ తెరుచుకోవడం చూడలేదనీ అందులో ఉంది. హెడ్మాస్టరుగారు ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పి ఆగారు. తాత లేచి దొడ్లోకి పోయాడు. నాయన గోడకు ఆనుకున్నాడు. అవ్వ మాత్రం, "ఇంకోసారి చదవండి సారూ" అంది. ఆయన చదివారు.

"చూళ్ళేదని రాశాడు. లేదని రాయలేదుగా."

మా ఇల్లు ఆ తర్వాత పదిహేనేళ్ళు ఆ రెండు మాటల సందులోనే కాపురముంది. అవ్వది పిచ్చి అని చుట్టాలు అనుకున్నారు. నేను అలా అనుకోలేను. ఆ ఉత్తరంలో ఉన్నదానికంటే ఒక్క అక్షరం ఎక్కువ ఆమె నమ్మలేదు, ఒక్క అక్షరం తక్కువా నమ్మలేదు.

ఆమెకు అక్షరాలు రావు. అందుకని నన్ను కూర్చోబెట్టుకుని ఉత్తరాలు రాయించేది. నాలుగో తరగతి చదివేవాణ్ణి. నల్లగేదె ఈనిందనీ, పెయ్యదూడ అనీ, పొగాకు ధర ఈసారి బాగుందనీ, పాలేరు అడుగుతున్నాడనీ, నువ్వు ఎక్కడున్నా అన్నం వేళకు తినమనీ రాసేవాణ్ణి. చిరునామా నాకు నోటికొచ్చు. ఇన్‌లాండు కవరు అంటించి డబ్బాలో వేయడానికి పోతుంటే నాయన వీధి మొగలో ఎదురొచ్చి, "ఇటివ్వు, నేను వేస్తా" అని తీసుకునేవాడు. అలా పదకొండు ఉత్తరాలు రాశాను. పన్నెండోసారి అవ్వ పిలవలేదు, నేనూ అడగలేదు.

1972 జూలైలో సిమ్లా ఒప్పందం కుదిరింది. ఆ ఆగస్టులో రావల్పిండి శిబిరం నుంచి ముగ్గురు భారతీయ పైలట్లు గోడకు కన్నం వేసి తప్పించుకుని, అఫ్ఘన్ సరిహద్దుకు ఆమడ దూరంలో పట్టుబడ్డారు. ఆ సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. తెలిసినప్పుడు మాత్రం అవ్వ కళ్ళలో వచ్చిన వెలుగు చూడటానికే భయమేసింది. వాళ్ళు గోడలు తవ్వుతుంటే, నా కొడుకు కంచెలు దూకలేడా అంది. ఆ ఏడు డిసెంబరు 1న వాఘా దగ్గర మన యుద్ధఖైదీలను అప్పగించారు. నాయన నెల్లూరు పోయి దొరికిన పత్రికలన్నీ కొనుక్కొచ్చాడు. పైలట్ల పేర్లు ఉన్నాయి, ఆయన పేరు లేదు. ఛంబ్ కూడా రాలేదు. మునవ్వర్ తావికి పడమటి నేల ఆ ఒప్పందంతో అవతలే ఉండిపోయింది, ఇప్పటికీ అవతలే ఉంది. వెళ్ళి ఆ పొలంలో ఒక ఇనప ముక్క ఏరుకుందామన్నా మాకు దారి లేదు.

ఈలోగా ఆయన సామాను వచ్చింది. నల్ల రేకుపెట్టె, దాని మీద తెల్ల రంగుతో పేరు, నంబరు. లోపల టైపు చేసిన జాబితా. గడ్డం గీసుకునే సరంజామా, రెండు స్వెట్టర్లు, బూట్లకు పూసే పాలిషు డబ్బా, ఒక గోడ క్యాలెండరు, లాగ్‌బుక్కు. జాబితాలో ఆఖరున "జాడీ ఒకటి, ఖాళీ" అని ఉంది. ఎవరో శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, పగలకుండా స్వెట్టరులో చుట్టి పెట్టారు. కడిగినందుకు అవ్వకు కోపం వచ్చింది. అడుగున ఊటైనా ఉంచలేదే అంది. లాగ్‌బుక్కు నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. తేదీ, విమానం రకం, నంబరు, చేసిన పని, గాలిలో ఉన్న కాలం అన్నీ గళ్ళల్లో చిన్న చిన్న అక్షరాలు. ఆఖరి వరస ఒక్కటి వేరే చేతిరాత. కాలం రాయవలసిన గడిలో ఏమీ రాయలేదు.

పెన్షను కాగితాలు వచ్చాయి. ఆయనకు పెళ్ళి కాలేదు కాబట్టి తల్లిదండ్రులకు రావాలి. వాటి మీద "మరణించిన" అన్న మాట ఉండడం వల్ల అవ్వ వేలిముద్ర వేయనంది. తాత సంతకం పెట్టాడు. ఒక ఆఫీసులో గుమాస్తా మరణ ధ్రువపత్రం తెస్తే గాని ఫైలు కదలదన్నాడు. ఎక్కడ పోయాడో ఆ ఊరి పంచాయతీ నుంచి తేవాలన్నాడు. ఆ ఊరు పాకిస్తాన్లో ఉంది బాబూ అని తాత చెప్పాడట. గుమాస్తా నవ్వలేదు, తాత కూడా నవ్వలేదు. చాలా తిరుగుళ్ళ తర్వాత అది కుదిరింది. ఆ డబ్బును అవ్వ చనిపోయేదాకా ముట్టలేదు. వాడొచ్చాక వాడికే ఇస్తానని పోస్టాఫీసు పుస్తకంలో దాయించింది.

కబురు తెలియని మనిషిని ఏడేళ్ళ తర్వాత చట్టం లేనట్టే భావిస్తుంది. శాస్త్రం పన్నెండేళ్ళు ఆగమంటుంది. 1983లో పురోహితులు వచ్చి తాతతో మెల్లగా ఆ మాట కదిపారు. అవ్వ వంటింట్లోంచే, "నేనున్నన్నాళ్ళు ఆ ఊసెత్తొద్దు" అంది. 1986లో ఆమె పోయింది. ఆమె పెద్దకర్మ అయిన తర్వాతి నెలలో నాయన నన్ను పిలిచి, మోదుగ ఆకుల కాడలు మూడు వందల అరవై కావాలన్నాడు.

దేహం దొరకని మనిషికి మోదుగ కాడలతో బొమ్మ చేసి దహనం చేస్తారు. మా వైపు మోదుగ తక్కువ. నేను కందుకూరు దాటి కనిగిరి దారిలో పోయి, విస్తళ్ళు కుట్టేవాళ్ళను పట్టుకుని, కాడలు చెడకుండా ఆకులు తెచ్చాను. పంచలో కూర్చుని నాయనా నేనూ కాడలు తుంచి లెక్కపెట్టాము. నలభై తలకు, పది మెడకు అని పురోహితులు చెబుతుంటే విడివిడిగా కట్టలు కట్టాము. రెండు వందలు దాటాక నాయన లెక్క తప్పాడు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. మళ్ళీ తప్పాడు. మూడోసారి నేనే లెక్కించాను. మన్నేటి ఇసుకలో దర్భలు పరిచి, వాటిమీద ఆ కాడలను మనిషి ఆకారంగా పేర్చి, తల చోట కొబ్బరికాయ పెట్టారు. చిన్నాయన ఆరడుగుల మనిషి. ఆ బొమ్మ చిన్నపిల్లవాడంత ఉంది. నిప్పు పెట్టాక రెండు నిమిషాలైనా మండలేదు. తూర్పుగాలికి బూడిద లేచి పడమరగా పోయింది. నాయన అటు చూస్తూ ఉన్నాడు. కళ్ళం రోజు ఆయనకు కూడా గుర్తుకొచ్చిందో లేదో అడగలేదు.

తిథి ఏది పెట్టాలన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. విమానం కూలిన తేదీ మాకు తెలుసు. విరోధికృత్ నామ సంవత్సరం, మార్గశిర బహుళం. పురోహితులు పంచాంగం తిప్పి తిథి చెప్పగలరు. నాయన ఒప్పుకోలేదు. అది విమానం పడిన తిథే గాని తమ్ముడు పోయిన తిథి అని ఎవరు చెప్పారన్నాడు. తల్లి ఉన్నన్నాళ్ళూ ఆమె మాటకు లోలోపల విసుక్కున్న మనిషి, ఆమె పోయిన నెలకే ఆమె వాదాన్ని భుజానికెత్తుకున్నాడు. అందుకే చతుర్దశి.

1989 నవంబరులో కావలి తుఫాను వచ్చింది. మా ఇంటి పెంకులు సగం లేచిపోయి, అటక మీది రేకుపెట్టెలో నీళ్ళు నిండాయి. లాగ్‌బుక్కు అట్ట గట్టిది కాబట్టి కొంత నిలిచింది. చిన్నాయన ఇంటికి రాసిన ఉత్తరాలన్నీ సిరా కరిగి నీలం ముద్దలయ్యాయి. వాటిని ఎండలో విడదీయబోతే చేతికి పేలికలు వచ్చాయి. ఆయన మాట్లాడిన మాట ఒక్కటి కూడా కాగితం మీద మిగలలేదు. నాయన పోయిన తర్వాత ఆయన ఇనప్పెట్టె తెరిస్తే, అడుగున రబ్బరు బ్యాండు వేసిన ఇన్‌లాండు కవర్ల కట్ట కనిపించింది. పదకొండు. ఒక్కటీ పోస్టు చేయలేదు. అంటే చిన్నాయన మాకు రాసినవన్నీ పోయి, మేము ఆయనకు రాసినవన్నీ భద్రంగా ఉన్నాయి. వాటిలో నా నాలుగో తరగతి చేతిరాతలో, "నల్లగేదె ఈనింది, పెయ్యదూడ" అని ఉంది.

2019 ఫిబ్రవరిలో బాలాకోట్ దాడి తర్వాత ఊళ్ళో కుర్రవాళ్ళకు ఆయన హఠాత్తుగా గుర్తొచ్చాడు. ఉన్న ఒక్క ఫోటో అడిగి తీసుకుపోయి బస్టాండులో ఫ్లెక్సీ కట్టారు. ప్రేమతోనే కట్టారు, కాదనను. ఆయన పక్కన వేసిన విమానం మాత్రం ఆయన పోయిన చాలా ఏళ్ళకు గాని మన దేశానికి రాని రకం. సభలో మైకు పట్టుకున్నవాళ్ళంతా భయమంటే ఎరుగని వీరుడన్నారు. చీకట్లో గొడ్ల చావిటికి పోలేని మనిషి ఒంటరిగా ఆ గూట్లో కూర్చుని రెండోసారి కూడా కిందికి దిగాడన్న సంగతి వాళ్ళకెవరికీ తెలియదు. చెబుదామని లేచాను గాని, అప్పటికే వందన సమర్పణ మొదలైంది. అదే నెలలో ఢిల్లీలో ఇండియా గేటు దగ్గర జాతీయ యుద్ధ స్మారకాన్ని ప్రారంభించారు. మరుసటి ఏడు పోయి చూశాను. త్యాగ చక్రం గోడల మీద పాతిక వేలకు పైగా పేర్లు, ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క గ్రానైటు పలక. ఆయన పలక నా భుజం ఎత్తున ఉంది. వేలితో పేరు మీద రాశాను, కాసేపు నిలబడ్డాను. వెనక బడిపిల్లల వరస ఉంటే పక్కకు తప్పుకున్నాను.

2022 డిసెంబరు 29న మా చిన్నవాడు కారు తెచ్చి, కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద వాయుసేన విమానాలు విన్యాసం చేస్తాయట, చూద్దాం రమ్మన్నాడు. పాత గ్రాండ్ ట్రంక్ రోడ్డే అది, ఇప్పుడు పదహారో నంబరు రహదారి. ఒంగోలు దాటాక, ఆ ఏప్రిల్ దాకా మా ప్రకాశం జిల్లాలోనే ఉండి అప్పుడు బాపట్లలో కలిసిన ఊళ్ళవి. అత్యవసరంలో విమానాలు దిగడానికి అక్కడ నాలుగు కిలోమీటర్ల పొడవున, ముప్ఫై మూడు మీటర్ల వెడల్పున కాంక్రీటు దారి వేశారు. పోలీసులు మమ్మల్ని దూరంగా, పొగాకు చేలగట్ల మీదనే ఆపేశారు. చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా అక్కడే ఉన్నారు. పిల్లలు చెట్లెక్కారు.

మొదట చప్పుడు లేదు. దక్షిణం వైపు చుక్కలా కనబడింది, పెద్దదైంది, దారి మీద దిగబోతున్నట్టే కిందికి వచ్చింది. చక్రాలు నేలకు తగలకుండానే ముక్కు పైకెత్తి, నిప్పు చిమ్ముకుంటూ మా మీదుగా పోయింది. చప్పుడు ఆ తర్వాత వచ్చి గుండెల మీద పడింది. పొగాకు ఆకులు వెనక్కి తిరిగి తెల్లగా మెరిశాయి. సుఖోయ్-30 అని పక్కనున్న కుర్రవాడు అరిచాడు. సుఖోయ్ అన్న ఆ మాటను మా ఇంటి బయట, ఇంతమంది నోట, పండగ గొంతుతో వినడం నాకు అదే మొదలు.

నా పక్కన గట్టు మీద ఒక ముసలామె గొంతుక్కూర్చుని ఉంది. చెవులు మూసుకున్న చేతులు ఇంకా దించలేదు. విమానం పోయిన దిక్కుకే చూస్తూ, "అందులో ఎందరుంటారయ్యా?" అని అడిగింది.

"ఇద్దరమ్మా" అన్నాను. "ముందొకరు, వెనకొకరు."